సాంగ్ ఆఫ్ ఇండియా ఆకుల కొనలు మాడిపోతున్నాయి, ఎండ తగలకుండానే! (నల్గొండ)

కిటికీతోట | నల్గొండ | ఏప్రిల్ 11, ఉదయం 7:20

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లడమే తప్ప రాసింది లేదు. ఇప్పుడు రాయక తప్పట్లేదు.

సంక్రాంతికి ముందు కడియం మొక్కల లారీ మా కాలనీకి వస్తే ఒక సాంగ్ ఆఫ్ ఇండియా తీసుకున్నా. 450 రూపాయలు. రెండడుగుల ఎత్తు, మూడు కొమ్మలు, ఆకు నడుమ ముదురు పచ్చ, రెండు పక్కలా వెన్నరంగు అంచు. హాల్లో తూర్పు కిటికీకి మూడడుగుల దూరంలో పెట్టా. ఫిబ్రవరి దాకా, ఇంటికొచ్చినవాళ్లు ఆకు గిల్లి చూసి "ఓ, నిజం మొక్కేనా" అనేంత బాగుంది.

మార్చి మొదటి వారం నుంచి కొనలు మాడుతున్నాయి. మొదట ఆవగింజంత, ఇప్పుడు వేలిగోరంత. మాడిన భాగానికీ మంచి భాగానికీ మధ్య సన్నగా పసుపు గీత ఉంది. పచ్చ భాగం కంటే వెన్నరంగు అంచు ముందు పోతోంది. ముట్టుకుంటే అప్పడంలా విరుగుతోంది.

నీళ్లు నాలుగు రోజులకోసారి, మట్టిలో వేలు పెట్టి చూసే పోస్తా. అదీ ఆర్‌వో నీళ్లే. నేరుగా ఎండ పడదు. ఎరువు, నాన్న ఊరి నుంచి తెచ్చిన సూపర్ ఫాస్ఫేట్ నెలకో చెంచా. అత్తమ్మ దిష్టి తగిలిందని కుండీకి నల్లదారం కట్టింది. దాన్ని విప్పే ధైర్యం నాకు లేదు. వేరే కారణం ఏమైనా ఉంటే చెప్పండి.

---

పాలమూరు_పచ్చ | మహబూబ్‌నగర్ | ఏప్రిల్ 11, ఉదయం 9:05

అక్కా, దారం అట్లే ఉండనీ, దానివల్ల నష్టం లేదు.

ఇది పొడిగాలి పని అనుకుంటున్నా. కడియంలో ఆకుపచ్చ వల కింద, గోదారి గాలిలో పెరిగిన మొక్క అది. మన దగ్గర మార్చి దాటితే గాలిలో తడి ఎక్కడిది? ఉతికిన బట్ట గంటలో ఆరిపోతోంది, ఆకు సంగతి చెప్పాలా. ఫ్యాన్ కిందగానీ కూలర్ ఎదురుగాగానీ ఉందా? ఉంటే జరపండి. నాలుగు కుండీలు ఒక దగ్గర చేర్చి పెడితే వాటి మధ్య కొంచెం తేమ నిలుస్తుంది. స్ప్రే బాటిల్‌తో రోజూ చల్లడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు, పావుగంటలో ఆరిపోతుంది.

---

మిల్లుగేటు | మిర్యాలగూడ | ఏప్రిల్ 11, మధ్యాహ్నం 1:40

ఇంట్లో మొక్కలు చచ్చేది నూటికి తొంభై నీళ్లెక్కువై. ఒకసారి కుండీలోంచి తీసి వేర్లు చూడండి. నల్లగా మెత్తగా ఉండి వాసన వస్తే కుళ్లు. లారీ మొక్కల మట్టి బంకమట్టిలా ఉంటుంది, పైన ఎండినట్టు కనిపించినా అడుగున బురదే. మా ఊళ్లో ఊకకు కొదవ లేదు కాబట్టి నేను మూడు వంతుల మట్టికి ఒక వంతు కాల్చిన ఊక కలుపుతా. నీళ్లు సర్రున దిగిపోతాయి.

---

కిటికీతోట | ఏప్రిల్ 12, ఉదయం 6:50

ఇప్పుడే తీసి చూశా. వేర్లు నారింజ రంగులో ఉన్నాయి! కుళ్లేనా? గట్టిగానే ఉన్నాయి, వాసన ఏమీ లేదు. మట్టి మాత్రం అన్న చెప్పినట్టే జిగటగా ఉంది.

ఇంకొకటి కూడా గమనించా. మట్టికుండీ బయట కింది సగం తెల్లగా పొర కట్టింది. గోటితో గీకితే సున్నంలా రాలింది. కూలర్ ఇంకా దించలేదు, ఫ్యాన్ కింద లేదు.

---

పాలమూరు_పచ్చ | ఏప్రిల్ 12, ఉదయం 8:15

సాంగ్ ఆఫ్ ఇండియా డ్రసీనా జాతిదే అక్కా, ఆ జాతికి వేరు నారింజగా ఉంటేనే ఆరోగ్యం. భయపడకండి.

---

పానగల్లు_నీడ | నల్గొండ | ఏప్రిల్ 12, రాత్రి 9:30

వెలుతురు గురించి ఎవరూ అడగలేదు కాబట్టి నేను అడుగుతా. తూర్పు కిటికీ అన్నారు, బయట రేకుల షెడ్డుగానీ తెల్ల సున్నం గోడగానీ ఉందా? మా ఇంట్లో ఎదురింటి తెల్లగోడ మీద పడి తిరిగొచ్చిన ఎండకే ఒక మనీప్లాంట్ తెల్లభాగం కాలిపోయింది. రెండు రంగుల ఆకులో తెల్లగా కనిపించే చోట పత్రహరితం ఉండదు. ఆ భాగం సొంతంగా వండుకోలేదు, ఎండనూ తట్టుకోలేదు. పక్కనున్న పచ్చ భాగం వండింది తిని బతుకుతుంది. అందుకే ఈ మొక్కలకు చీకటీ పడదు, ఎండా పడదు.

నర్సరీవాళ్లు "వెలుతురు కావాలి, ఎండ వద్దు" అంటే నాకు చాలా రోజులు అర్థం కాలేదు. మా పానగల్లు ఛాయా సోమేశ్వరుడి గుడికి పోయినప్పుడు తెలిసింది. గర్భగుడిలో లింగం వెనక నీడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉంటుంది, సూర్యుడు ఎటు తిరిగినా అక్కడే. ఎండ నేరుగా లోపలికి రాదు, స్తంభాల సందుల్లోంచి చెదిరిన వెలుగు మాత్రమే వస్తుంది. మొక్కకు కావలసింది అలాంటి వెలుగే. ఇంట్లో చూసుకోవాలంటే మధ్యాహ్నం 12కి మొక్క పెట్టే చోట తెల్లకాగితం మీద చెయ్యి అడ్డం పెట్టండి. నీడ అంచులు మసగ్గా పడితే సరిపోయింది. కత్తితో కోసినట్టు పడితే ఎండ ఎక్కువ. నీడే పడకపోతే చీకటి.

---

కిటికీతోట | ఏప్రిల్ 13, మధ్యాహ్నం 12:20

కాగితం పెట్టి చూశా, నీడ మసగ్గానే ఉంది. ఎదురుగా వేపచెట్టు తప్ప గోడ లేదు. అయితే వెలుతురూ కాదన్నమాట. ఏమో, దారమే పనిచేస్తుందేమో!

---

దేవరకొండ_చిన్నోడు | దేవరకొండ | ఏప్రిల్ 13, సాయంత్రం 5:10

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి, నాదీ రెండు రంగుల బాధే. పసుపు అంచున్న స్నేక్ ప్లాంట్ ఆకు ఒకటి ముక్కలు కోసి మట్టిలో గుచ్చా. మూడు నెలలకు పిలకలు వచ్చాయి, కానీ అన్నీ ఒట్టి పచ్చ! పసుపు అంచు ఎటుపోయింది?

---

పానగల్లు_నీడ | ఏప్రిల్ 13, రాత్రి 8:00

తమ్మీ, అది ఎటూ పోలేదు, నువ్వు కోసిన పద్ధతిలో రాదు. ఆ మొక్కలో రెండు రకాల కణాలు పొరలు పొరలుగా కలిసి ఉంటాయి. ఆకు ముక్క నుంచి కొత్త పిలక పుట్టేటప్పుడు ఆ పొరల అమరిక నిలవదు, పచ్చదే మిగులుతుంది. అంచు కావాలంటే దుంప దగ్గర పిలకను వేరుతో సహా విడదీయాలి. ఇప్పుడున్న పచ్చవాటిని పారేయకు, అవి నిన్నూ నన్నూ దాటి బతుకుతాయి.

మనీప్లాంట్‌లో తీగ తీగే పచ్చగా మారితే సంగతి వేరు. చివరి రెండు రంగుల ఆకు దాకా వెనక్కి వచ్చి, ఆ కణుపు పైన కత్తిరించాలి. పచ్చకొమ్మకు బలం ఎక్కువ, వదిలేస్తే కుండీ అంతా అదే అవుతుంది. తెల్లటి ఆకులు మాత్రమే వస్తుంటే సంబరపడకండి, ఆ కొమ్మ ఎక్కువ కాలం నిలవదు.

---

గద్వాల_జరీ | గద్వాల | ఏప్రిల్ 13, రాత్రి 10:45

రంగు అంటే గుర్తొచ్చింది, నా 1,200 రూపాయల కథ కూడా వినండి. ఆన్‌లైన్‌లో గులాబీ రంగు ఆకుల ఫిలోడెండ్రాన్ ఒకటి కొన్నా. పింక్ కాంగో అట. ఆరు నెలలకు శుద్ధ పచ్చ. తర్వాత తెలిసింది, మొక్కకు రసాయనం పట్టించి తెప్పించిన రంగు అది, కొత్త ఆకులకు రాదు. అమ్మినాయన "మీ ఇంట్లో వెలుతురు సరిపోలేదు" అన్నాడు. తెల్లమచ్చల మాన్‌స్టెరా విత్తనాలు కూడా అమ్ముతున్నారు, ఆ వైపే చూడకండి. ఆ మచ్చలు విత్తనం ద్వారా రావు.

సరే, అక్క మొక్క సంగతికి రండి.

---

రిటైర్డ్_సైన్స్‌సార్ | చండూరు | ఏప్రిల్ 14, ఉదయం 5:50

రెండు రోజులుగా చదువుతున్నాను. అందరూ గాలి, వేరు, వెలుతురు చూశారు, బాగానే ఉంది. నాకు ఒక అనుమానం. అమ్మా కిటికీతోట, ఆర్‌వో నీళ్లు అన్నారు. ఆర్‌వో మిషన్‌కు రెండు గొట్టాలుంటాయి. మీరు మొక్కకు పోసేది ఏ గొట్టం నీళ్లు? మిషన్‌కు వచ్చేది బోరు నీళ్లా, నల్లా నీళ్లా?

---

కిటికీతోట | ఏప్రిల్ 14, ఉదయం 7:10

సార్, తాగే నీళ్లు మొక్కకు పోస్తే అత్తమ్మ ఊరుకుంటుందా! రెండో గొట్టానివే. బకెట్‌లో పడతాయి, వృథా చేయడం ఎందుకని మొక్కలకు పోస్తున్నా. మిషన్‌కు వచ్చేది బోరే. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, ఆ నీళ్లు వంటకే సరిపోతాయి.

---

రిటైర్డ్_సైన్స్‌సార్ | ఏప్రిల్ 14, ఉదయం 9:30

దొరికింది.

రెండో గొట్టంలో వచ్చేది ఆర్‌వో నీళ్లు కాదమ్మా, ఆర్‌వో వద్దన్న నీళ్లు. లెక్క చూడండి. నాలుగు లీటర్ల బోరు నీళ్లు పోతే ఒక లీటరు తాగడానికి వచ్చి, మూడు లీటర్లు బకెట్‌లో పడుతున్నాయనుకుందాం. నాలుగు లీటర్లలో ఉన్న ఉప్పు దాదాపు అంతా ఆ మూడింటిలో చేరుతుంది. అంటే మీ బోరు నీళ్ల కంటే మూడో వంతు చిక్కన. కుండీ మీది తెల్లపొర అదే.

ఉప్పు ఒక్కటే అయితే చాలా మొక్కలు ఓర్చుకుంటాయి. మన జిల్లా నీళ్లలో ఇంకొకటుందని మీకు నేను చెప్పాలా? మా చండూరు, మర్రిగూడ వైపు నడుములు వంగిన పెద్దవాళ్లను చూస్తూ పెరిగినవాణ్ణి. బడిలో ముప్పై ఏళ్లు పిల్లల పళ్ల మీద గారలు చూశాను. అదే ఫ్లోరైడ్ మీ మొక్క ఆకు కొనలో ఉంది.

డ్రసీనా, స్పైడర్ ప్లాంట్, కలాతియా, మరాంటా, కార్డిలైన్, ఇవి ఫ్లోరైడ్‌కు బాగా సున్నితం. వేరు పీల్చిన ఫ్లోరైడ్ నీటితోపాటు ఆకులోకి ఎక్కుతుంది. నీరు ఆవిరై పోతుంది, ఫ్లోరైడ్ పోదు. నీటి ప్రయాణం ఆగేది కొనలోనూ అంచులోనూ కాబట్టి అక్కడే పోగుపడి కణాలను చంపుతుంది. పాలమూరువారు పొడిగాలి అన్నది కూడా తప్పు కాదు. గాలి పొడిగా ఉన్నకొద్దీ ఆకు ఎక్కువ నీరు లాగుతుంది, దాంతోపాటు ఇదీ ఎక్కువ ఎక్కుతుంది. జనవరిలో లేనిది మార్చిలో కనిపించడానికి కారణం అదే.

ఇక మీ నాన్నగారి సూపర్ ఫాస్ఫేట్. పొలానికి మంచిదే, కానీ రాతి భాస్వరం నుంచి చేస్తారు కాబట్టి అందులోనూ కొంత ఫ్లోరైడ్ ఉంటుంది. నీళ్లు ఒక చేత్తో పెడుతున్నాయి, చెంచా ఇంకో చేత్తో. ముందు ఆ చెంచా ఆపండి.

---

మిల్లుగేటు | ఏప్రిల్ 14, ఉదయం 11:00

సార్, నా అంచనా తప్పింది, ఒప్పుకుంటున్నా. అయితే నీళ్లు కాచి చల్లార్చి పోస్తే సరిపోతుందా? లేదా రాత్రంతా బకెట్‌లో ఉంచితే?

---

రిటైర్డ్_సైన్స్‌సార్ | ఏప్రిల్ 14, ఉదయం 11:25

రాత్రంతా ఉంచితే పోయేది క్లోరిన్ వాసన. ఫ్లోరైడ్ కదలదు. కాస్తే నీరు తగ్గి ఇంకా చిక్కనవుతుంది. గ్యాసూ దండగ.

---

దేవరకొండ_చిన్నోడు | ఏప్రిల్ 14, మధ్యాహ్నం 2:15

పటిక వేస్తే? మన ఊరి పేరు మీద ఒక పద్ధతే ఉంది కదా సార్, నల్గొండ టెక్నిక్ అని పోటీ పరీక్షలకు చదివా. ఇంకో మాట, మా ఇంట్లో టీడీఎస్ మీటర్ 640 చూపిస్తోంది, అంటే ఫ్లోరైడ్ ఎక్కువ ఉన్నట్టేనా?

---

రిటైర్డ్_సైన్స్‌సార్ | ఏప్రిల్ 14, సాయంత్రం 6:40

బాగా చదివావు. నాగపూర్‌లోని నీరీ సంస్థవాళ్లు 1970లలో రూపొందించిన పద్ధతి అది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి కలియబెట్టి, తేరిన తర్వాత పైనీళ్లు తీసుకోవడం. అయితే పటిక ఎంత, సున్నం ఎంత అన్నది ఆ నీళ్ల ఫ్లోరైడ్, క్షారత కొలిచి నిర్ణయించాలి. ఇంట్లో చిటికెడు, పిడికెడు లెక్కన వేస్తే పటికలోని అల్యూమినియం నీళ్లలో మిగిలిపోయే ప్రమాదం ఉంది. ఒక కుండీ కోసం అంత యాగం వద్దు.

మీటర్ విషయానికొస్తే, అది నీళ్లలో కరిగిన మొత్తం ఎంతో చూపిస్తుంది, ఏది ఎంతో చూపించదు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. నీ 640లో ఒకటో రెండో ఎక్కడ కనిపిస్తాయి? 300 చూపించిన బోరులో ఫ్లోరైడ్ ఎక్కువ ఉండొచ్చు, 900 చూపించిన దానిలో తక్కువ ఉండొచ్చు. నీళ్ల పరీక్షే దారి.

---

పాలమూరు_పచ్చ | ఏప్రిల్ 14, రాత్రి 9:15

అయ్యో సార్! నేను నాలుగేళ్లుగా కూలర్ అడుగున మిగిలిన నీళ్లు కలాతియాకు పోస్తున్నా. పొదుపు అనుకుని ఎంత మురిసిపోయానో. ప్రతి ఎండాకాలం దాని ఆకుల అంచులు కాలిన కాగితంలా అవుతున్నాయి, వానాకాలంలో తేరుకుంటోంది. మా మహబూబ్‌నగర్ ఎండలకు ముడిపెట్టి ఊరుకున్నా.

---

రిటైర్డ్_సైన్స్‌సార్ | ఏప్రిల్ 15, ఉదయం 6:00

కూలర్ నీళ్లు మరీ దారుణం. రోజుకు బిందెలకొద్దీ ఆవిరవుతాయి, మీరు మళ్లీ నింపుతారు. ఉప్పంతా అడుగునే ఉండిపోతుంది. కూలర్ గడ్డి మీద తెల్లటి పెచ్చులు చూశారు కదా. ఆ నీళ్లు బాత్‌రూమ్‌లోనే పారబోయండి. ఏసీ గొట్టం నీళ్లు మాత్రం నిక్షేపంగా పట్టుకోండి, అది గాలిలోని తేమే నీరుగా మారింది, ఉప్పు దాదాపు ఉండదు.

---

బత్తాయి_గట్టు | నాంపల్లి మండలం | ఏప్రిల్ 15, మధ్యాహ్నం 3:30

సార్, రైతు మాట ఒకటి. బోరు నీళ్లకు మా బత్తాయి చెట్ల లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా, మధ్యలో పసుపుగా వస్తుంది. ఇనుము అందక అట్లా అవుతుందని వ్యవసాయాధికారి చెప్పిండు. అక్క మొక్కకు అది కూడా ఉందేమో చూడమనండి.

---

రిటైర్డ్_సైన్స్‌సార్ | ఏప్రిల్ 15, సాయంత్రం 7:00

మంచి మాట. నీళ్లలో క్షారగుణం ఎక్కువైతే మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. కాబట్టి కిటికీతోటగారు మట్టి మార్చేటప్పుడు మిల్లుగేటుగారి ఊక కలుపుకోవచ్చు గానీ, తెల్లటి ఊక బూడిద మాత్రం వద్దు, అది క్షారాన్ని ఇంకా పెంచుతుంది. అలాగని మట్టి పుల్లబడనివ్వకూడదు, పుల్లటి మట్టిలో ఫ్లోరైడ్ సులువుగా వేరెక్కుతుంది. పీహెచ్ 6 నుంచి 6.5 మధ్య ఉంటే రెండు విధాలా క్షేమం.

---

కిటికీతోట | ఏప్రిల్ 19, ఉదయం 8:00

చేసినవి చెబుతున్నా. మట్టి సగం దులిపేసి ఎర్రమట్టి, కోకోపీట్, కాల్చిన ఊక, కొంచెం వర్మికంపోస్టు కలిపి మార్చా. కోకోపీట్‌ను రెండుసార్లు నీళ్లలో నానబెట్టి పిండాను, మొదటిసారి టీ డికాక్షన్‌లా దిగింది. సూపర్ ఫాస్ఫేట్ డబ్బా నాన్నకు తిరిగి పంపా. ఆయనకు కోపం వచ్చింది.

నల్లా వచ్చిన రోజు ఒక క్యాన్ నింపి పక్కన పెడుతున్నా, అది కృష్ణా నీళ్లే కదా. వారానికి మూడు లీటర్లు చాలు. ఈ లెక్క తేలాక అత్తమ్మ కూడా సరేనంది.

మాడిన ఆకులు కోసేయాలా?

---

పానగల్లు_నీడ | ఏప్రిల్ 19, ఉదయం 10:10

మాడింది మళ్లీ పచ్చబడదు. అయినా ఆకు మొత్తం తీయకండి, మిగిలిన పచ్చ పనిచేస్తూనే ఉంటుంది. కత్తెరతో ఆకు ఆకారంలోనే కొనను ఏటవాలుగా కత్తిరించండి. మాడిన చోట ఒక నూలుపోగంత వదిలి కోయాలి. మంచి భాగంలోకి కోస్తే కోసిన గీత వెంబడి మళ్లీ ఎండుతుంది.

---

కిటికీతోట | మే 23, రాత్రి 9:00

బయట 44. హాల్లో కూలర్ దించాం, మొక్కను పడకగది కిటికీకి మార్చా. కొత్తగా మాడడం ఆగింది. అయితే ఆకుల అడుగున సన్నటి బూజులాంటి దారాలు, పైన సూదితో గుచ్చినట్టు తెల్లచుక్కలు. ఒక బాధ పోతే ఒక బాధ!

---

గద్వాల_జరీ | మే 23, రాత్రి 9:40

ఎర్రనల్లి. పొడిగాలికి వచ్చే చుట్టం. తెల్లకాగితం పట్టుకుని ఆకు తట్టండి, రాలిన చుక్కలు నడుస్తుంటే అదే. ముందు బాత్‌రూమ్‌లో పెట్టి ఆకుల అడుగున నీళ్లతో గట్టిగా కడగండి, సగం అక్కడే పోతాయి. తర్వాత లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి. వారం వారం మూడుసార్లు. ఒక్కసారితో ఆపితే గుడ్ల నుంచి మళ్లీ వస్తాయి.

---

పాలమూరు_పచ్చ | మే 24, ఉదయం 7:30

పురుగుకు చిన్నా పెద్దా లేదక్కా. మా పిల్లలమర్రికే చెదలు పడితే 2018లో కొమ్మలకు సెలైన్ బాటిళ్లు వేలాడదీసి మందు ఎక్కించారు. మీది ఒక్క కుండీనే, కడిగేయండి.

---

కిటికీతోట | జూలై 6, ఉదయం 7:45

నల్లి పోయింది. జూన్‌లో మొదటి రెండు వానలు డాబా కడగడానికి వదిలేసి, మూడో వాన నుంచి డ్రమ్ములో పట్టాం, మూతకు పాత చీరముక్క కట్టి. ఇప్పుడు అవే నీళ్లు. మూడు కొమ్మలకూ కలిపి పదకొండు కొత్త ఆకులు. ఒక్కో కొనా సూదిలా, చివరిదాకా వెన్నరంగుతో ఉంది. కింది ఆకులు మాత్రం కత్తిరించిన గుర్తులతో బడిపిల్లాడి క్రాఫ్‌లా ఉన్నాయి, ఉండనీ.

సార్, ఒకటి చెప్పాలి. మీ పోస్టు చదివాక మా బోరు నీళ్లు పరీక్షకు ఇచ్చాం. ఫ్లోరైడ్ 2.3 వచ్చింది. ఆర్‌వో పాడైనప్పుడల్లా వారం పది రోజులు ఆ నీళ్లే తాగేవాళ్లం, పిల్లలు కూడా. ఇప్పుడు నల్లా దగ్గర ఇంకో డ్రమ్ము పెట్టాం.

---

రిటైర్డ్_సైన్స్‌సార్ | జూలై 6, ఉదయం 8:20

మంచి పని చేశారమ్మా. వంటకు కూడా ఆ బోరు వాడకండి, పప్పు ఉడికేటప్పుడు నీరే ఆవిరవుతుంది. పిల్లల పళ్లు ఒకసారి డాక్టరుకు చూపించండి.

---

దేవరకొండ_చిన్నోడు | జూలై 6, ఉదయం 9:00

అక్కా, వచ్చే నెల నల్గొండ వస్తున్నా. ఒక కొమ్మ కత్తిరించి ఇస్తారా? దీనికి కొమ్మ నాటితే అంచు పోదు కదా?

---

కిటికీతోట | జూలై 6, ఉదయం 9:25

పోదట తమ్మీ, కొమ్మ కొనతో నాటితే ఉన్న రంగే వస్తుందని పానగల్లు అన్న చెప్పారు. తప్పకుండా ఇస్తా. వచ్చేటప్పుడు ఖాళీ క్యాన్ ఒకటి తెచ్చుకో, వాన నీళ్లు కూడా పోస్తా. నల్లదారం మాత్రం ఇవ్వను, మొక్క బాగైంది దానివల్లేనని అత్తమ్మ ఊరంతా చెబుతోంది.